ఎడమ బూటులో తోలు

23 నవంబర్ 1997, ఆదివారం, సాయంత్రం

రేపటి నుంచి నా పరుగును మారుస్తారట. మార్చేశాక ఇప్పుడు ఎలా ఉందో ఎవరికీ గుర్తుండదు, నాకు కూడా. అందుకే ఈ రోజే రాయడం మొదలుపెట్టాలి. దాచుకునే పని లేదు. తెలుగులో రాసినా, గుజరాతీలో రాసినా మా ఇంట్లో చదివేవాళ్లు లేరు. బడికి పోయింది నేనొక్కదాన్నే. ట్రంకు పెట్టె మీదే పెడతాను.

ఈ రోజు నా పరుగు నేను చూశాను! మా కాలేజీ కోచ్ ఉమాకాంత్ సార్ పెళ్లి వీడియోలు తీసే ఒకాయన్ని బతిమాలి కెమెరా తెచ్చి, పోయిన వారం మేము వంద మీటర్లు పరుగెత్తుతుంటే తీశారు. ఈ రోజు స్పోర్ట్స్ రూములో టీవీ పెట్టి చూపించారు. మొదట ఎవరిదో పెళ్లిలో గర్బా వచ్చింది. ఒక లావుపాటి ఆంటీ చప్పట్లు కొడుతూ ఇటు తిరిగింది. అంతలో గబుక్కున మేము. నేను పరుగెత్తేటప్పుడు నోరు తెరుస్తానని నాకు తెలియదు. చాలా అసహ్యంగా ఉంది. అయినా ఎంత వేగం! అది నేనేనా అని పక్కనున్న అమ్మాయి చెయ్యి గిచ్చాను.

సార్ పాజ్ నొక్కారు. తెర మీద గీతలు వణుకుతున్నాయి. ఎడమ కాలు పడే అడుగు ఇంత, కుడి కాలు పడే అడుగు ఇంతే, అని వేళ్లు చాచి టీవీ అద్దం మీదే కొలిచారు. హారతీ, నువ్వు పరుగెత్తడం లేదు, సగం కుంటుతున్నావు అన్నారు. సార్ మరాఠీ ఆయన, హిందీలో మాట్లాడతారు. హిందీలో ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

పోయిన ఫిబ్రవరిలో రిలే పరుగులో నా కుడి తొడ వెనక కండరం చిరిగింది. చేతిలో బ్యాటన్‌తోనే పడిపోయాను. టీమ్ పోయింది, సార్ మాట పడ్డారు. అది చిరగడానికి ఈ వంకరే కారణమని ఇప్పుడు తెలిసిందట. అడుగులు సమానమైతే వేగం పెరుగుతుంది, దెబ్బ తగలదు. సమానం కాకపోతే ఆల్ ఇండియా ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు నీ పేరు పంపను అన్నారు. మా కాలేజీ నుంచి వంద మీటర్లకు పోయేది ఇద్దరే.

విజయశ్రీ బయటికొచ్చాక నా వీపు మీద చరిచింది. ఏమే కుంటీ, కుంటుకుంటనే నా ఎన్కపొంటి ఒస్తున్నవ్, సక్కగ ఉరికితే నన్ను బతకనిస్తవా అన్నది. మా అందరిలో వేగం ఆమెదే. రోజూ కడోదరా నుంచి బస్సులో వస్తుంది. వాళ్ల సొంతూరూ మా వైపే, మెట్‌పల్లి. అందుకే మేమిద్దరం తిట్టుకునేది తెలుగులో.

24 నవంబర్

నడుస్తున్నా అడుగులే చూసుకుంటున్నాను. బస్సు నా ముందు నుంచే వెళ్లిపోయింది.

27 నవంబర్, గురువారం

ఈ రోజు ఉధ్నాలో కరెంటు సెలవు, సాంచాలన్నీ, అంటే మరమగ్గాలన్నీ బంద్. బాపు ఇంట్లో ఉన్నాడు. బాపు మగ్గం మీద నేసేవాడు కాదు, పాడైన సాంచాలను బాగుచేసే మేస్త్రి. కనకయ్య అంటే మా లైన్లో నాలుగు షెడ్లకు తెలుసు. నా పేరు పంపకపోవచ్చని చెప్తే, ఏందో నేనూ సూస్త పా అని గ్రౌండుకు వచ్చాడు.

నేను పరుగెత్తుతుంటే బాపు కళ్లు మూసుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. నిద్రపోతున్నాడేమో అని కోపమొచ్చింది. దగ్గరికి పోతే, బిడ్డా నేను సూడలే, ఇన్న అన్నాడు. టక్-టకా, టక్-టకా అంటున్నదట. సాంచా గిట్ల మోగితే మేము ఆపేస్తం అన్నాడు.

తర్వాత నేల మీద పుల్లతో గీసి చెప్పాడు. సాంచాలో నూలు మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు దూకుతుంది. అది కుడి కొసకు సరిగ్గా చేరకపోతే తప్పు కుడివైపుది కాదు, ఎడమ నుంచి కొట్టే దెబ్బ చాలనట్టు. అప్పుడు ఎడమవైపు ఒక తోలు ముక్క పెట్టి బిగిస్తారు. నీ కుడి అడుగు పొట్టిగున్నదంటే ఎడమ కాలు తోసుడు తక్కువున్నది, గంతే గద అన్నాడు.

తోసే కాలు ఒకటి, పడే కాలు ఇంకొకటి! న్యూటన్ మూడో సూత్రం నేను పరీక్షలో రాశాను గానీ నా కాళ్లకు ఎప్పుడూ పెట్టి చూసుకోలేదు.

ఇంటికొచ్చి ఇద్దరం అమ్మకు ఎగబడి చెప్పాం. అమ్మ కండెలు చుట్టడం ఆపకుండానే విన్నది. సాంచాకు, ఆడపిల్లకు ఫరక్ లేదా నీకు, జర ఆగు, రేపు నా నడుముకు గూడ నట్టు బిగిస్తవు అన్నది.

28 నవంబర్

బాపు సాంచా తోలు తెచ్చి, అంచులు పల్చగా చెక్కి, నా ఎడమ స్పైక్ బూటులో మడమ కింద పెట్టాడు. డ్యూటీకి పోయేముందు గ్రౌండుకు వచ్చి విన్నాడు. టక్-టక్-టక్-టక్. బాపు మొహం చూడాల్సింది. కొత్త సాంచా మొదటిసారి నడిచినప్పుడు సేఠ్ పేడా పంచుతాడు. బాపు దగ్గర పేడా లేదు, జేబులో ఉన్న వక్కపలుకు నా చేతిలో పెట్టాడు.

3 డిసెంబర్

సార్‌కు బూటు విప్పి చూపించాను. అరె వాహ్ అని తోలును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. మీ నాన్న ఇంజనీరా అని అడిగారు. బాపుకు ఇది చెప్తే రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

నేను నిజంగా సమానంగా పరుగెత్తుతున్నాను! ఎవరో లోపల తాళం వేస్తున్నట్టుంది.

9 డిసెంబర్

టైము పెరిగింది. అంటే నెమ్మదించాను. సార్ వాచీ చూసుకుని, కొత్త నడక కదా, టైము దానంతటదే దిగుతుంది అన్నారు. ఎడమ పిక్క బిగుసుకుపోతోంది. అది కూడా మంచిదేనట, పని చేయని కండరం పని మొదలుపెట్టిందట.

నమ్ముతున్నాను. నమ్మాలనే ఉంది.

10 డిసెంబర్

మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకున్నాను. అమ్మ చూడలేదు.

14 డిసెంబర్, ఆదివారం, మధ్యాహ్నం

చేతులు ఇంకా ఇసుక ఇసుకగానే ఉన్నాయి, అయినా ఇప్పుడే రాయాలి!

నిన్న ఒక ఆలోచన వచ్చింది. సార్ టీవీ మీద వేళ్లతో కొలిచారు, బాపు చెవితో కొలిచాడు. టేపు పెట్టి ఎవరూ కొలవలేదు. గ్రౌండు మట్టి గట్టిది, అడుగు పడదు. డుమస్‌లో సముద్రం వెనక్కి పోయినప్పుడు తడి ఇసుక నల్లగా, పలక లాగా ఉంటుంది. అక్కడైతే ప్రతి అడుగూ అచ్చు పడుతుంది.

పొద్దున్నే రెండు బస్సులు మారి పోయాం. నేను, విజయశ్రీ, పక్క గది పద్మారాణి. పద్మ రోజంతా చీరలకు మెరిసే టికీలు అంటిస్తుంది. డుమస్ అంటే టమాటా భజియాలని వచ్చింది, టేపు పట్టుకోవాలంటే ముందు మొహం మాడ్చుకుంది. బట్ట కొలిచే పొడుగు టేపు బాపు షెడ్డు నుంచి తెచ్చాను. నీళ్లు చాలా దూరం పోయి ఉన్నాయి. గాలికి మా మాటలు మాకే వినపడడం లేదు.

మొదట నేను తోలు లేకుండా మూడుసార్లు పరుగెత్తాను. వేగం అందుకున్నాక పడ్డ అడుగులను కొలిచాం. సార్ చెప్పింది నిజమే. మూడుసార్లూ కుడి అడుగు దాదాపు బెత్తెడు పొట్టి.

తర్వాత విజయశ్రీ. పద్మ వంగి టేపు పెట్టి, ఆగి, మళ్లీ పెట్టింది. అయ్యో ఈమెది గూడ కుంటే అన్నది! నేను నమ్మలేదు, నేనే కొలిచాను. విజయశ్రీది ఎడమ అడుగు పొట్టి. నా అంత కాకపోయినా మూడు వేళ్లు తక్కువ. మా అందరిలోకి వేగమైన మనిషిది! ఇంతవరకు ఒక్కసారి కూడా కాలు పట్టుకోని మనిషిది! విజయశ్రీ తన అడుగులనే వింతగా చూసుకుంటూ, ఏ, హోయ్ నహీ, ఉండనే ఉండదు అన్నది. ఆశ్చర్యమొస్తే ఆమె నోట గుజరాతీ వస్తుంది.

అప్పుడు పద్మ, మరి నన్ను గూడ కొలువుండ్రి అని చున్నీ నడుముకు చుట్టుకుని ఉరికింది. బాతు లాగా ఉరికింది. మేమిద్దరం ఇసుకలో కూలబడి నవ్వాం. కొలిస్తే ఆమె రెండడుగులూ అచ్చంగా సమానం! సూసిన్రా, మీ సారుకు జెప్పి నన్ను పంపుమను, ఆల్ ఇండియా మొత్తం సమానంగ నడుచుకుంట పోయొస్త అన్నది.

చివరికి నేను తోలు పెట్టుకుని మూడుసార్లు. అడుగులు సమానం అయ్యాయి. చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. ముందు పడ్డ అడుగుల పక్కనే ఇవీ ఉన్నాయి. పొట్టి అడుగు పెరగలేదు. పొడుగు అడుగు తగ్గింది. బాపు తోలు నా కుంటి అడుగును బాగుచేయలేదు, నా మంచి అడుగును కోసి దానికి సరిచేసింది.

వేగం ఎటు పోయిందో ఇప్పుడు తెలిసింది! సముద్రం దాకా అరుచుకుంటూ పోయాను. పద్మ భజియాలు చల్లారుతున్నాయని వెనక నుంచి తిట్టింది.

15 డిసెంబర్

జాగ్రత్తగా ఉండాలి. నిన్నటివి మళ్లీ చూశాను. ఒకే మనిషి మూడు పరుగుల్లో కూడా అడుగు కొంచెం అటూ ఇటూ అవుతోంది. వేలెడు తేడాకు అర్థమేమీ లేదు. నా బెత్తెడు మాత్రం మూడుసార్లూ ఉంది. విజయశ్రీదీ మూడుసార్లూ ఉంది. పైగా అది ఇసుక, మేము ముగ్గురమే, అందులో ఒకామె భజియాల కోసం ఉరికింది. ముగ్గురిని చూసి లోకానికంతా సూత్రం చెప్పకూడదు.

కానీ సార్ చెప్పిన సూత్రం నన్నొక్కదాన్నే చూసి చెప్పింది కదా.

18 డిసెంబర్

సార్‌కు చెప్పడానికి పోయాను. సగం వినకముందే, ఇసుక మీద అందరూ వంకరే పరుగెత్తుతారు, చదువుకునే పిల్లవి చదువుకో, కోచింగ్ నాకు వదిలెయ్ అన్నారు. కోపంగా అనలేదు. ఫిబ్రవరిలో నువ్వు పడిపోతే నేను ఇంటికి పోయి అన్నం తినలేదు తెలుసా అన్నారు.

28న ఆ ఇద్దరినీ ఎంచే ట్రయల్ పరుగు. తోలుతోనే.

21 డిసెంబర్, ఆదివారం

ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. వంకర ఉన్నందుకు చిరిగిందా? చిరిగినందుకు వంకర వచ్చిందా? ఫిబ్రవరికి ముందు నా అడుగు ఎవరూ కొలవలేదు. అమ్మను అడిగాను, చిన్నప్పుడు నేను ఎలా నడిచేదాన్నని. కాళ్లతోనే నడిచినవ్ అన్నది. గట్టిగా అడిగితే, నాకేం యాదికున్నది, కండెలు సుట్టుకుంట నిన్ను కాలితోని ఊపుతుంటి అన్నది.

తర్వాత పని ఆపి నా వైపు చూసింది. ఇంకోపారి కాలు తెగి మంచాన పడితే మాత్రం గ్రౌండ్ మొకం సూడనియ్య, నీ సారొచ్చినా సరే, నీ బాపు ఏడ్చినా సరే అన్నది. అమ్మ ఊరికే అనదు. ఫిబ్రవరిలో నన్ను ఎత్తుకుని బాత్రూముకు తీసుకుపోయింది ఆమే.

తోలు పెట్టిన రోజు పిక్క లాగుతోంది. పెట్టని రోజు లాగడం లేదు. తొడ వెనక కండరానికి వేరే కసరత్తు చేస్తున్నాను, మంచం పట్టె కింద మడమలు ఇరికించి. ఇల్లు కూలగొడుతున్నవ్ అంటోంది అమ్మ.

తోలు తీస్తే మళ్లీ చిరగవచ్చు. ఉంచితే రెండో స్థానం రాదు. ఏది ఎంత నిజమో నాకు తెలియదు, సార్‌కు తెలియదు, బాపుకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడుతున్నది మాత్రం వాళ్లిద్దరే.

28 డిసెంబర్, పొద్దున 6

తోలు తీసేశాను. సంచి అడుగున వేశాను.

అదే రోజు, సాయంత్రం

వచ్చేసింది! వచ్చేసింది! విజయశ్రీ ఫస్ట్, నేను సెకండ్. ఛాతీ అంత తేడా, అంతే. గీత దాటాక చాలా దూరం ఆగలేకపోయాను. ఆగాక మొదట తొడ పట్టుకుని చూసుకున్నాను. ఏమీ లేదు. వేడిగా ఉంది, అంతే. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, వాంతి కూడా వచ్చింది.

సగం దూరంలో విజయశ్రీ భుజం నా పక్కనే ఉంది. ఆమె వంకర అటు, నా వంకర ఇటు. ఇద్దరం కలిసి ఒక బండిలా పోతున్నాం అనిపించింది.

సార్ వాచీ ఎత్తి పట్టుకుని ఉరుక్కుంటూ వచ్చారు. దేఖా! దేఖా! రెండడుగులూ సమానంగా పడ్డాయి ఈ రోజు, నా కళ్లతో చూశాను అన్నారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. బాపు కూడా షెడ్డులో అడిగి వచ్చాడు. పక్కనున్న వాళ్లందరినీ పట్టుకుని, మన సాంచా తోలే, నేనే చెక్కిన అని చెప్తున్నాడు. ఇన్నవా బాపూ అని అడిగాను. ఇన్న బిడ్డా, పక్కా గడియారం అన్నాడు.

కళ్లూ తప్పే చెప్పాయి, చెవులూ తప్పే చెప్పాయి. చెప్దామని నోరు తెరిచాను. సార్ అప్పటికే నా పేరు రాస్తున్నారు. మూసుకున్నాను.

30 డిసెంబర్, మంగళవారం

ఇది నేను అనుకోలేదు.

సార్ మళ్లీ వీడియో చూశారట. విజయశ్రీ ఎడమ అడుగు పొట్టిదని ఇప్పుడు ఆయనకు కనపడింది. హారతిని బాగుచేశాం, ఇక నిన్నూ చేస్తే మనకు మెడల్ ఖాయం అన్నారట. బాపును కుడి బూటుకు తోలు అడిగారు. బాపు రాత్రికి రాత్రే చెక్కి పెట్టాడు, నా దానికంటే మందంగా. ఆదివారం ప్రాక్టీసులో పెడతారు. మీట్‌కు ఇంకా ఎన్నో రోజులు లేవు.

వద్దే అన్నాను విజయశ్రీతో. నీకు పనిజేసింది నాకు జెయ్యదా, నీకెందుకే అంత జలన్, అంత కుళ్లు అన్నది. నవ్వుతూనే అన్నది గానీ ఉత్త నవ్వు కాదు. డుమస్‌లో చూశావు కదా అన్నాను. డుమస్‌ల సూసిన, ట్రయల్‌ల గూడ సూసిన, తోలుతోనే గద నన్ను అందుకున్నవ్ అన్నది.

తోలు లేదే అని నోటి దాకా వచ్చింది. ఆమెకు చెప్తే సాయంత్రానికి సార్‌కు తెలుస్తుంది. సార్ నా పేరు కొట్టేస్తారు. వంకర నడకతో నన్ను పంపనని ముందే అన్నారు. పేర్లు యూనివర్సిటీకి సోమవారం పోతాయి. సోమవారం దాకా ఊరుకుంటే చాలు. కానీ ఆదివారం ముందొస్తుంది.

ఆమె పిక్క కూడా నా పిక్క లాగానే బిగుసుకుంటుంది. ఆమె అయితే చెప్పదు, ఇంకా గట్టిగా ఉరుకుతుంది. అప్పుడు తెగుతుంది.

31 డిసెంబర్

ముందు బాపుకు చెప్పాను. సార్ దగ్గర వినేకంటే నా దగ్గర వినడం మేలు. బాపు చాయ్ సాసర్లో పోసుకున్నాడు గానీ తాగలేదు. మరి నాకు గడియారం లెక్క ఎట్ల ఇనవడ్డది అన్నాడు. నువ్వు గెలుస్తుంటే అట్లనే వినపడుతుంది బాపూ అన్నాను. అమ్మ గోడ వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు బాపుకు కనపడింది, లేచి బయటికి పోయాడు.

గంట తర్వాత వచ్చి నా ముందు చెయ్యి చాపాడు. ఏంటి అంటే, తోలు తే అన్నాడు. మంచి తోలు, సాంచాకైనా పనికొస్తది.

విజయశ్రీకి చెక్కింది మాత్రం సార్ దగ్గరే ఉందట. అదెట్ల అడుగుత, మేస్త్రి మాట పోతది అన్నాడు. అయితే నేనే అడుగుతాను.

1 జనవరి 1998, గురువారం

ఈ ఉత్తరం హిందీలో ఎత్తి రాసి రేపు పొద్దున్నే సార్‌కు ఇస్తాను. ముందు ఇక్కడ.

సార్‌కు నమస్కారం. ట్రయల్ రోజు నా బూటులో తోలు లేదు. మీరు సమానం అని చూసింది నా పాత పరుగునే. మీకు చెప్పకుండా తీశాను. ఇలాగే పరుగెత్తితే నా కాలు మళ్లీ తెగదని నేను చెప్పలేను. తోలు పెడితే తెగదని మీరూ చెప్పలేరు. నా కాలికి వచ్చే ముప్పుకు నేను ఒప్పుకుంటాను. విజయశ్రీ తోలుకు ఒప్పుకున్నది మాత్రం నా అబద్ధం చూసి. అందుకని ఆమె బూటులో అది పెట్టకండి. ఆదివారం డుమస్‌కు రండి, టేపు ఒక కొస మీరే పట్టుకోండి, తర్వాత ఏం చేయాలో చెప్పండి. నా పేరు ఉంచడం, కొట్టేయడం మీ ఇష్టం, దానికి జవాబు అడగను. వస్తారో రారో మాత్రం 3 జనవరి శనివారం సాయంత్రం లోపు చెప్పండి.